ఇంటినిండా పిల్లలున్న అమ్మ ఉరుకుల పరుగుల రోజును గట్టెక్కడం ఎలా?

"ఇంతమందితో పొద్దుటిపూట ఎలా నెట్టుకొస్తున్నావమ్మా?" నలుగురైదుగురు పిల్లలున్న తల్లి కనిపిస్తే చాలు, ఎవరైనా మొదట అడిగేది ఇదే. నన్నూ అడుగుతూనే ఉంటారు. ప్రతిసారీ నిలబడి చెప్పే తీరిక ఉండదు కాబట్టి ఒకేసారి రాసి పెడుతున్నాను. మాకు అయిదుగురు పిల్లలు. పెద్దవాడికి పద్నాలుగేళ్లు, చివరిదానికి రెండు. మామగారు కూడా మాతోనే ఉంటారు.

పనులు ఇంకా వేగంగా చేసే చిట్కాల కోసం వచ్చి ఉంటే, అవి ఇందులో లేవు. మీరు ఇప్పటికే వేగంగానే చేస్తున్నారు. సాక్సులు ఎక్కడున్నాయో, ఎవరి కాగితం మీద సంతకం పెట్టాలో, ఎవరికి ఎన్ని గంటలకు మందు వేశారో అన్నీ మీ ఒక్క బుర్రలోనే ఉన్నాయి. అందుకే ఇల్లంతా మిమ్మల్నే పిలుస్తుంది. బుర్రలో ఉన్నదాన్ని గోడ మీదికి దించడం ఎలాగో కింద చెబుతున్నాను.

కావలసినవి

- గోడకు అంటించే పెద్ద కాగితం, లేదా రాసి చెరిపే బోర్డు. పిల్లల ఎత్తులో ఉండాలి.
- అందరికీ కనబడే గోడ గడియారం. ఫోన్‌లో టైమ్ చూడటానికి వెళ్లినవాళ్లు ఫోన్‌లోనే ఉండిపోతారు, మనతో సహా.
- మనిషికో బుట్ట. అట్టపెట్టె అయినా సరే, పేరు రాసి ఉంటే చాలు.
- సంతకాల కాగితాలు వేయడానికి ఒక ట్రే.
- మందుల కోసమే ఒక చిన్న నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. కట్టకపోతే పెన్ను రెండో రోజుకే మాయం.

1. ముందు రెండు రోజులు ఏమీ మార్చకండి, రాయండి

ఎవరు ఎప్పుడు లేచారు, స్నానానికి ఎంతసేపు పట్టింది, గుమ్మం దాటేసరికి టైమ్ ఎంత అయింది, ఇవి రాయండి. "అమ్మా, అది ఎక్కడుంది?" అని ఎవరు అడిగినా పక్కన ఒక గీత గీయండి. మొదటి రోజు పొద్దున్నే నా గీతలు ఇరవై దాటాయి. వాటిలో సగం చెప్పుల గురించీ నీళ్ల సీసాల గురించే.

ఈ రెండు రోజులు వదిలేసి నేరుగా టైమ్‌టేబుల్ వేసేవాళ్లే ఎక్కువ. అలా వేసిన టైమ్‌టేబుల్ మూడు రోజులు ఆడదు. ఏ పనికి ఎంతసేపు పడుతుందో ఊహించేటప్పుడు మనం ఎప్పుడూ తక్కువే ఊహిస్తాం. చిన్నదానికి చెప్పులు తొడగడం "రెండు నిమిషాల పని" అనుకునేదాన్ని, గడియారం చూస్తే ఏడు నిమిషాలు పట్టింది.

2. గుమ్మం దాటే టైమ్ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

లేచిన టైమ్ నుంచి ముందుకు లెక్కపెడితే ఎప్పుడూ కుదరదు. చివర్లో ఎంత మిగిలితే అంతలో ముగించాల్సి వస్తుంది. వెనక్కి వెళ్లండి.

మీ ఇంట్లో వాళ్లు 8:00కి బయల్దేరాలి అనుకుందాం. కాగితం మీద 7:50 వేయండి. ఆ పది నిమిషాలు ఎవరికీ ఇవ్వకండి. చివరి నిమిషంలో ఒకడికి బాత్రూమ్ గుర్తొస్తుంది, ఇంకొకరి మీద నీళ్లు ఒలుకుతాయి, ఆ పది నిమిషాలు వాటి కోసం. 7:40కి చెప్పులు, సంచులు. 7:15కి తినడం. మరి స్నానాలు?

చాలా ఇళ్లలో చిక్కు పడేది ఇక్కడే. స్నానాలగది ఒకటే, మనుషులు ఆరుగురు, మనిషికి 8 నిమిషాలు అనుకున్నా 48 నిమిషాలు. ఈ లెక్క వంటగదిలో మీరు ఎంత పరిగెత్తినా తగ్గదు. అంటే 7:15కి అందరూ తినడానికి కూర్చోవాలంటే మొదటి మనిషి 6:25కి లోపల ఉండాలి. అది మీ ఇంట్లో జరిగే పని కాదనుకుంటే ఏం చేయాలి?

- ఇద్దరిని రాత్రి స్నానానికి మార్చండి. 48 కాస్తా 32 అవుతుంది. చిన్నపిల్లలకు ఇదే తేలిక.
- పళ్లు తోముకోవడం, తల దువ్వుకోవడం గది బయటికి తెండి. అద్దం ఇంకో చోట తగిలిస్తే చాలు.
- వరసను గోడ మీద రాయండి, వారానికి ఒకసారి తిప్పండి. తిప్పకపోతే ఆ వరస మీదే రోజూ గొడవ.

మీ ఇంట్లో ఇరుకు స్నానాలగది కాకపోవచ్చు. పొయ్యి కావచ్చు, ఒక్కటే ఉన్న బండి కావచ్చు, నిద్ర లేవని ఒక్క పిల్లవాడు కావచ్చు. రెండు రోజుల రాతలో అందరూ ఎక్కడ ఆగి నిలబడ్డారో చూడండి. మిగతా చోట్ల ఎంత సర్దినా అక్కడి రద్దీ తగ్గదు, కాబట్టి ముందు దాన్నే పట్టుకోండి.

3. పొద్దుటి పనుల్లో సగం రాత్రికి నెట్టండి

రాత్రి భోజనాలయ్యాక, పడకలకు ముందు పావుగంట. అలారం పెట్టి, ఇంట్లో అందరూ కలిసి చేయాలి. ఎవరి బుట్టలో వాళ్లు రేపటి బట్టలు లోపలివాటితో సహా, సాక్సులు, సర్దిన సంచి పెట్టుకోవాలి. చెప్పులు గుమ్మం దగ్గర జతలుగా. అయిదుగురు పిల్లలంటే పది చెప్పులు, పది సాక్సులు. అందులో ఒక్కటి కనబడకపోయినా పొద్దున అందరికీ ఆలస్యమే.

సాక్సులకు నేను చేసింది చెబుతాను. ఇంట్లో అందరికీ ఒకే రంగువి కొని, సైజును బట్టి మడమ దగ్గర దారంతో ఒకటి, రెండు, మూడు కుట్లు వేశాను. జతలు వెతికే పని పోయింది. చూడటానికి అందంగా ఉండదు, ఉండనివ్వండి.

ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది. పిల్లలు పడుకున్నాక అమ్మే అయిదు బుట్టలూ సర్దేస్తుంది. "వాళ్లు చేస్తే గంట పడుతుంది, నేను చేస్తే పది నిమిషాలు" అని. మొదటి వారం నిజమే. కానీ మీరు సర్దిన సంచిలో ఏముందో పిల్లలకు తెలియదు, కాబట్టి పొద్దున మళ్లీ మిమ్మల్నే అడుగుతారు. అయిదేళ్ల పిల్ల తన బట్టలు తీసి పెట్టుకోగలదు. పైదానికి కిందదానికి పొత్తు కుదరకపోతే కళ్లు మూసుకోండి.

4. పని "సాయం"గా కాదు, పూర్తిగా అప్పగించండి

"కాస్త సాయం చెయ్యి" అంటే ఏం చేయాలో, ఎప్పుడు చేయాలో, అయిందో లేదో అన్నీ మళ్లీ మీరే చూడాలి. అది సాయం కాదు, ఇంకో పని. పనిని మొదలు నుంచి చివరిదాకా ఒకరికి ఇవ్వండి. నీళ్ల సీసాలు అంటే ఖాళీవి తీయడం, కడగడం, నింపడం, సంచుల్లో పెట్టడం నాలుగూ ఒక్కరివే. గోడ మీద పని పక్కన పేరు ఉండాలి, "అందరూ" అని ఉండకూడదు. అందరి పని అంటే ఎవరి పనీ కాదు.

సుమారుగా ఇలా పంచవచ్చు:

- మూడు, నాలుగేళ్లవాళ్లు: బొమ్మలు పెట్టెలో వేయడం, విడిచిన బట్టలు బుట్టలో వేయడం.
- ఆరేడు ఏళ్లవాళ్లు: కంచాలు, గ్లాసులు పెట్టడం, తీయడం, సాక్సుల లెక్క.
- తొమ్మిది దాటినవాళ్లు: నీళ్ల సీసాలు, ఉతికిన బట్టలు మడతపెట్టడం, ఊడవడం.
- పదమూడు దాటినవాళ్లు: వారానికి ఒక పూట వంట మొత్తం, వాషింగ్ మెషిన్.
- పిల్లల నాన్న: ఒక పని కాదు, ఒక పూట. పొద్దుటిపూటో రాత్రిపూటో పూర్తిగా ఆయనది. ఆ పూట మీరు వంటగదిలోకి తొంగి చూడకండి.
- తాతయ్య, నానమ్మ లాంటి పెద్దవాళ్లు: ఓపికను బట్టి, వాళ్లను అడిగి. మా మామగారు "గడియారం నాది" అన్నారు. 7:15, 7:40, 7:50కి గట్టిగా కేకేస్తారు. నేను అరవడం మానేసింది అప్పటినుంచే.

కొంచెం కటువుగా చెప్పాల్సిన మాట ఒకటి. పెద్ద కుటుంబాల్లో పెద్ద కూతురు తెలియకుండానే రెండో అమ్మ అయిపోతుంది. చంటిదాన్ని ఎత్తుకోవడం, తమ్ముడి హోంవర్కు, అమ్మకు ఒంట్లో బాగోకపోతే వంట, అన్నీ ఆ పిల్లవే. పంచిన కాగితం చూసుకోండి. ఒక్కరి పేరు మూడుసార్లు వచ్చి, అబ్బాయిల పేర్లు ఒక్కోసారే వస్తే చెరిపి మళ్లీ రాయండి. చిన్నవాళ్లను కనిపెట్టుకుని ఉండటాన్ని కూడా పనిగానే లెక్కవేయండి. అన్ని పనుల్లోకీ బరువైనది అదే.

5. పొద్దున: మీరు ముందు, తర్వాత వాళ్లు

పిల్లలకంటే ఇరవై నిమిషాలు ముందు లేచి మీ పనులు ముగించుకోండి. గంట ముందు లేవమని నేను చెప్పను. రాత్రి చంటిపిల్ల రెండుసార్లు లేపిన ఇంట్లో ఆ గంట మీ నిద్రలోంచే పోతుంది. ఇరవై నిమిషాలు కూడా కుదరకపోతే మూడో అంచెకు వెళ్లి ఇంకో పని రాత్రికి నెట్టండి.

అందర్నీ ఒకేసారి లేపకండి. లేచాక మెల్లగా కదిలేవాళ్లను ముందు, చురుగ్గా ఉండేవాళ్లను చివర లేపాలి. చంటిదాన్ని అందరికంటే ఆఖరున. పడుకున్నంతసేపు అది మీ రెండు చేతులూ ఖాళీగా ఉంచినట్టే.

హడావుడిలోనే ప్రమాదాలు జరుగుతాయి, ఇవి మాత్రం ఎంత ఆలస్యమైనా వదలకండి:

- పొయ్యి మీది గిన్నెల పిడులు లోపలి వైపుకు తిప్పి ఉంచండి.
- చిన్నపిల్లలను నీళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. బకెట్‌లో అడుగున కొద్దిపాటి నీళ్లున్నా మునిగే ప్రమాదం ఉంది. తలుపు కొట్టినా, ఫోన్ మోగినా పిల్లను ఎత్తుకునే వెళ్లండి.
- బండి వెనక్కి తీసే ముందు చిన్నవాళ్లందరూ ఎక్కడున్నారో తలలు లెక్కపెట్టండి. ఈ పని ఎవరిదో గోడ మీద పేరు ఉండాలి.

6. ఇల్లు ఖాళీ అయ్యాక మొదట కూర్చోండి

గిన్నెలు తోమవద్దు, ఇల్లు ఊడవవద్దు. కూర్చుని తినండి. నిలబడి, మిగిలినవి ఏరుకుని తినడం తినడం కింద రాదు. మీరూ ఉద్యోగానికి వెళ్లేవాళ్లయితే 7:15కి పిల్లలతో పాటే కూర్చోండి. వడ్డన పెద్దవాళ్లలో ఒకరికి ఇవ్వండి.

బట్టల సంగతి. అయిదుగురు పిల్లలకు రోజుకో జత అనుకున్నా వారానికి 35 జతలు. ఆదివారం అంతా ఒకేసారి ఉతకాలంటే ఆదివారం మిగలదు. రోజుకో విడత చాలు. మెషిన్‌ను కుక్కి నింపకండి. బట్టల పైన చెయ్యి దూరేంత ఖాళీ లేకపోతే మురికి సరిగా వదలదు, మళ్లీ ఉతకాల్సి వస్తుంది. మడతలు వేయలేకపోతే ఎవరివి వాళ్ల బుట్టలో పడేయండి. ముడతలతో ఎవరికీ ప్రమాదం లేదు.

రెండు పూటలకీ కలిపి ఒకేసారి వండుతుంటే గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. వండినది గది వేడిలో 2 గంటలకు మించి బయట ఉండకూడదు. వెడల్పాటి గిన్నెల్లోకి కొంచెం కొంచెంగా సర్దితే త్వరగా చల్లారుతుంది, అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉండాలి. తిరిగి వేడి చేసేటప్పుడు గోరువెచ్చగా కాదు, మధ్యలో కూడా పొగలు రావాలి.

7. సాయంత్రం మొదటి అరగంటను కాపాడుకోండి

పిల్లలందరూ ఒకేసారి ఇంట్లోకి వచ్చే ఆ అరగంటే రోజులో రెండో ముడి. ఆకలి, అలసట, చెప్పాల్సిన కబుర్లు, అన్నీ ఒక్కసారే. అప్పుడు హోంవర్కు మాట ఎత్తితే ఇల్లు యుద్ధరంగం. వరస ఇది: చెప్పులు వాటి చోట, సంచి బుట్టలో, కాగితాలు ట్రేలో, సబ్బుతో 20 సెకన్లు చేతులు, తర్వాత తిండి. ఏం తినాలో ముందే బయట పెట్టి ఉంచండి, అడిగే పని ఉండకూడదు.

ట్రేలోని కాగితాలన్నీ అప్పుడే నిలబడి చూసేయండి. సంతకం పెట్టాల్సినవి పెట్టి తిరిగి సంచిలోకి, తేదీలు గోడ మీదికి. "రాత్రి చూద్దాం" అన్న కాగితం మర్నాడు 7:55కి ఏడుపుతో బయటికొస్తుంది.

హోంవర్కుకు అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే మీరు ఒక్కచోట ఉంటే సరిపోతుంది. తగువులాడే ఇద్దరినీ మాత్రం ఎదురెదురుగా కాదు, ఒకే వైపు, మధ్యలో ఇంకొకరిని పెట్టి కూర్చోబెట్టండి.

8. పడకలు: చిన్నవాళ్లతో మొదలు, వయసు వరసలో

నిద్రను కూడా వెనక్కే లెక్కపెట్టాలి. రోజు మొత్తంలో 1–2 ఏళ్లవాళ్లకు 11 నుంచి 14 గంటలు, 3–5 ఏళ్లవాళ్లకు 10 నుంచి 13 (ఈ రెండింటిలో పగటి కునుకు కలిపి), 6–12 ఏళ్లవాళ్లకు 9 నుంచి 12, 13–18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. 6:30కి లేవాల్సిన ఎనిమిదేళ్ల పిల్లవాడు 9:30 కల్లా నిద్రలో ఉండాలి, అంటే 9:00కి పడక మీద ఉండాలి. పొద్దున లేవడంలేదని తిట్టే ముందు ఈ లెక్క చూసుకోండి. మా రెండోవాడి విషయంలో ఏడాదిపాటు అనవసరంగా అరిచాను.

అందర్నీ ఒకే టైమ్‌కి పడుకోబెడితే ఒకరినొకరు లేపుకుంటారు. ఇరవై నిమిషాల తేడాతో ఒక్కొక్కరిని పంపండి. ఆ తేడాలోనే ఒక్కో పిల్లతో విడిగా అయిదు నిమిషాలు దొరుకుతాయి. పెద్ద కుటుంబంలో విడిగా దొరికే అమ్మ చాలా అరుదు.

9. రోజు కుప్పకూలితే

ఒకరికి జ్వరం, ఒకరికి పరీక్ష, మీకు తలనొప్పి. ఇలాంటి రోజుకు వేరే కాగితం ముందే రాసి ఉంచండి. దాని మీద మూడే ఉండాలి: అందరూ తిన్నారా, అందరూ క్షేమంగా ఉన్నారా, వేళకు పడుకున్నారా. ఊడవడం, మడతలు, బల్ల సర్దడం ఆ రోజుకు లేవు. ఇరుగుపొరుగు, బంధువుల్లో అప్పటికప్పుడు పిలవగల ఇద్దరి ఫోన్ నంబర్లు ఆ కాగితం మీదే ఉండాలి. నాన్న ఫోన్ మీటింగ్‌లో ఉంటుందని తెలిసిందే కదా.

మందుల పుస్తకం ఇప్పుడే పనికొస్తుంది. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లుంటే ఒకే పిల్లకు ఒకే మందు రెండుసార్లు పడటం చాలా తేలిక. ఎవరు వేసినా పిల్ల పేరు, మందు, మోతాదు, టైమ్ వెంటనే రాయాలి. పారాసెటమాల్ మోతాదు పిల్ల బరువును బట్టి ఉంటుంది. డాక్టర్ చెప్పినంతే వేయాలి, రెండు మోతాదుల మధ్య కనీసం 4 గంటలు ఉండాలి, 24 గంటల్లో 4 సార్లు మించకూడదు. సీసాతో వచ్చిన కొలతతోనే పోయండి, ఇంట్లో చెంచాలతో కాదు. అక్కకు రాసిన మందు చెల్లికి పోయకండి. మూడు నెలలు నిండని పసిబిడ్డకు ఒళ్లు 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకుమించి కాలితే ఇంట్లో చూస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

అలసట వేరు, ఇంకోటి వేరు. రెండు వారాలపాటు రోజూ దిగులుగా ఉన్నా, పడుకునే వీలున్నా నిద్ర పట్టకపోయినా డాక్టర్‌తో మాట్లాడండి. మిమ్మల్ని గానీ పిల్లల్ని గానీ ఏమైనా చేసుకుంటానేమో అనిపిస్తే ఆ రోజే ఇంట్లో ఎవరికైనా చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. దానికి టైమ్‌టేబుల్ మందు కాదు.

పని చేస్తోందో లేదో చూసుకోవడం

వారం తర్వాత మళ్లీ ఒక రోజు రాయండి. చూడాల్సినవి నాలుగే.

గుమ్మం దాటిన టైమ్ 7:50కీ 8:00కీ మధ్య ఉందా? రోజూ 8:00 దాటుతుంటే అలారం ముందుకు జరపకండి. ఇంకో పనిని రాత్రికి నెట్టండి, లేదా మానేయండి.

"అమ్మా, ఎక్కడ?" గీతలు తగ్గాయా? తగ్గకపోతే ఏ వస్తువు కోసం ఎక్కువసార్లు అడిగారో చూడండి. సాధారణంగా దానికి ఇంకా చోటు ఉండదు, లేదా దాని చోటు చిన్నవాళ్లకు అందనంత ఎత్తులో ఉంటుంది.

మీరు రోజులో ఎన్నిసార్లు కూర్చుని తిన్నారు? రెండుకు తక్కువైతే మీ పేరు గోడ మీద ఇంకా ఎక్కువసార్లు ఉన్నట్టు లెక్క.

నాలుగోది అసలు పరీక్ష. మూడో వారంలో ఒక పొద్దుటిపూట ముందే చెప్పి ఇంట్లోంచి బయటికి వెళ్లండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మా ఆయన నుంచి ఆరు ఫోన్లు వచ్చాయి. ఇంటికొచ్చాక ఆ ఆరు ప్రశ్నలకూ జవాబులు గోడ మీద రాసి పెట్టాను. రెండోసారి రెండే ఫోన్లు. మూడోసారి ఒక్కటే, అది కూడా మామగారి నుంచి: 7:50కి కేకేస్తే జవాబు రాలేదట, అందరూ అప్పటికే బయట ఉన్నారట.